పెట్రోలు రేటు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)

 

నన్ను పావుగంట ఏదైనా ఒక విషయం మీద మాట్లాడమన్నారు. పెట్రోలు రేటు మీద మాట్లాడతానండీ అన్నాను. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "పొదుపు సంఘాలకీ పెట్రోలు బంకుకీ ఏటమ్మా సంబంధం" అన్నారు. సంబంధం ఉందండి. మన అప్పుల రిజిస్టరు తీసి చూడండి. ఆటో కొనుక్కోడానికి ఇచ్చిన అప్పులు ఎన్ని ఉన్నాయో, కొబ్బరి వ్యాపారానికి ఇచ్చినవి ఎన్నో, ఎండు చేపలు తిప్పి అమ్ముకునేవాళ్లకి ఇచ్చినవి ఎన్నో. వీటిలో ఏదీ బండి కదలకుండా జరిగే పని కాదు. కొబ్బరికాయ చెట్టు దిగితే అంబాజీపేట వెళ్లాలి. పీచు మిల్లుకి వెళ్లాలి. రొయ్యల చెరువు దగ్గర కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటినా, కోటిపల్లి దగ్గర ముక్తేశ్వరం దాటినా ఆ పంటూ డీజిలు మీదే నడుస్తుంది. మనం బంకుకి వెళ్లకపోయినా బంకు రేటు మన ఇంటికి వస్తుంది, ఆయ్.

నేను చదివింది పదో తరగతి. ఈ లెక్కలన్నీ ఒకేసారి అర్థం కాలేదు. పేపర్లో చూసి రాసుకున్నాను, బంకులో పనిచేసే మా ఊరి కుర్రాడిని అడిగాను, మా అమ్మాయి డిగ్రీ చదువుతున్న స్నేహితురాలి చేత ఫోనులో చూపించుకున్నాను. నాకు అర్థమైనది మీకు అర్థమయ్యేలా చెప్తాను.

ముందుగా ఒక లీటరు పెట్రోలు తీసుకుందాం. 2025లో మన వైపు లీటరు 109 రూపాయలకి అటూఇటూ ఉండేది. ఈ 109 ఎవరెవరికి వెళ్లేది? చిల్లర పైసలు వదిలేసి చెప్తాను. కంపెనీకి వెళ్లేది 53 రూపాయలు. కేంద్ర ప్రభుత్వానికి ఎక్సైజ్ సుంకం కింద దగ్గర దగ్గర 22. బంకు యజమానికి కమీషను 4 రూపాయల పైన కొంచెం. మిగిలిన 30 రూపాయల దాకా మన రాష్ట్ర ప్రభుత్వానికి. అంటే నూటతొమ్మిదిలో యాభైకి పైగా పన్ను. మనలో చాలామంది బంకువాడే అంతా తింటున్నాడనుకుంటారు. వాడికి నాలుగు రూపాయలు. ఆ నాలుగులోనే కుర్రాళ్ల జీతాలు, కరెంటు బిల్లు, అప్పు మీద వడ్డీ. బంకువాళ్లని వెనకేసుకు రావడం నా పని కాదు, కానీ లెక్క లెక్కే.

ఇప్పుడు కంపెనీకి వెళ్లే 53 గురించి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతం పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. ఇరాక్, సౌదీ, రష్యా, ఇలా. దాన్ని పీపాల్లెక్కన కొంటారు. పీపా అంటే 159 లీటర్లు. దాని ధర డాలర్లలో ఉంటుంది. అందుకని మన రేటు రెండు చోట్ల నుంచి పెరుగుతుంది. చమురు ధర పెరిగినా పెరుగుతుంది, చమురు ధర కదలకుండా రూపాయి పడిపోయినా పెరుగుతుంది.

రెండోది మనం పట్టించుకోం. 2010 ప్రాంతంలో డాలరు 45 రూపాయలు ఉండేది. 2025లో 88 దగ్గరికి వచ్చింది. పీపా 70 డాలర్లే అనుకోండి, అప్పుడూ 70, 2025లోనూ 70. అప్పటి లెక్కలో పీపా 3,150 రూపాయలు, లీటరుకి 20 రూపాయల లోపు. 2025 లెక్కలో 6,160, లీటరుకి 39 రూపాయల దాకా. చమురు ఒక్క డాలరు పెరగలేదు. మనకి మాత్రం రెట్టింపు అయ్యింది. గల్ఫులో ఉన్న మన ఆడపిల్లలు పంపే డబ్బు డాలరు పెరిగినప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుందని మనం సంతోషపడతాం కదా, అదే సమయంలో బంకులో అది వెనక్కి పోతుంది. కువైట్‌లో, మస్కట్‌లో మనిషి లేని ఇల్లు మన రాజోలు వైపు తక్కువ కాబట్టి ఈ మాట చెప్తున్నాను.

ముడి చమురు 39 అయితే కంపెనీ రేటు 53 ఎందుకు? శుద్ధి చెయ్యాలి, ఓడ కిరాయి, పైపులు, ట్యాంకర్లు. విశాఖపట్నం రిఫైనరీ నుంచి పైపులైను రాజమండ్రి మీదుగా విజయవాడ, అక్కడి నుంచి సికింద్రాబాదు దాకా వెళ్తుంది. డిపోల నుంచి మన ఊళ్లకి ట్యాంకర్లలో వస్తుంది. అందుకే అమలాపురంలో ఒక రేటు, లోపల ఊళ్లో ఇంకో రేటు, పైసల్లో తేడా. ఇక కంపెనీ లాభం ఉంది. దాని సంగతి ఇప్పుడే చెప్తాను.

పాత రోజుల్లో పెట్రోలు రేటు ఢిల్లీలో ప్రభుత్వమే పెట్టేది. 2010 జూన్ నుంచి పెట్రోలుకి, 2014 అక్టోబరు నుంచి డీజిలుకి ఆ పద్ధతి తీసేశారు. మార్కెట్ ఎలా ఉంటే అలా కంపెనీలే పెట్టుకోవచ్చన్నారు. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున్న ఆరు గంటలకి రేటు మారుతుందన్నారు. పూలమార్కెట్ లాగా అన్నమాట. మరి నిజంగా రోజూ మారుతోందా? మీరే చెప్పండి. నెలల తరబడి బంకు బోర్డు మీద అంకె కదలదు.

2018లో కర్ణాటక ఎన్నికల ముందు 19 రోజులు రేటు ఆగింది. ఎన్నికలైన రెండు రోజులకి మళ్లీ కదిలింది. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 22 దాకా, నాలుగున్నర నెలలు, ఆగింది. ఆ మధ్యలో ఐదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి. ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పీపా వంద డాలర్లు దాటింది. అయినా బంకులో పైసా పెరగలేదు. ఎన్నికలైపోయాక మార్చి 22న మొదలుపెట్టి ఏప్రిల్ 6 లోపల లీటరుకి 10 రూపాయలు పెంచారు. నేను ఏ పార్టీనీ అనడం లేదండి, తేదీలు చెప్తున్నాను. రోజూ మారే రేటు అని పేరు పెట్టి, పెంచాల్సినప్పుడు పెంచి, ఆపాల్సినప్పుడు ఆపితే మన లాంటి వాళ్లు ఖర్చు అంచనా వేసుకునేదెట్లా అన్నదే నా బాధ.

తగ్గినప్పుడు ఏం జరుగుతుందో 2020 చూడండి. కరోనా లాక్‌డౌన్. బళ్లు లేవు, విమానాలు లేవు. ఏప్రిల్ నెలలో మనం కొనే ముడి చమురు పీపా 20 డాలర్లకి పడిపోయింది. అమెరికాలో అయితే ఒక రోజు, ఏప్రిల్ 20న, పీపా తీసుకెళ్తే ఎదురు డబ్బులిస్తామనే పరిస్థితి వచ్చింది. దాచుకోడానికి చోటు లేక. మరి మనకి పెట్రోలు సగానికి రావాలి కదా? రాలేదు. మార్చిలో కేంద్రం ఎక్సైజ్ 3 రూపాయలు పెంచింది. మే నెలలో పెట్రోలు మీద ఇంకో 10, డీజిలు మీద 13 పెంచింది. తగ్గిన డబ్బు పన్నులోకి వెళ్లింది. ఒక దశలో పెట్రోలు మీద కేంద్రం పన్నే లీటరుకి 33 రూపాయల దాకా ఉంది. తరవాత 2021 నవంబరులో 5, 2022 మే నెలలో 8 తగ్గించారు, 20 రూపాయల దగ్గరికి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2 రూపాయలు వేశారు. అయితే అది బంకులో కనపడలేదు, కంపెనీలే భరించాయి. అదే రోజున గ్యాసుబండ మీద 50 రూపాయలు పెరిగింది, అది మాత్రం మనకి బాగా కనపడింది.

కంపెనీల లాభం చెప్తానన్నాను. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం. దేశంలో నూటికి 90 బంకులు ఈ మూడింటివే. 2022లో చమురు బాగా పెరిగినప్పుడు రేటు పెంచకుండా ఆపినందుకు వాటికి నష్టం వచ్చింది, అది నిజం. ఆ తరవాత చమురు తగ్గింది, కానీ బంకు రేటు తగ్గించలేదు. పాత నష్టం పూడ్చుకుంటున్నామన్నారు. 2023-24లో మూడింటికీ కలిపి లాభం 80 వేల కోట్ల పైన వచ్చింది. అప్పుడు, 2024 మార్చిలో, పార్లమెంటు ఎన్నికల ముందు, లీటరుకి 2 రూపాయలు తగ్గించారు. అదీ తగ్గింపు. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ పన్నెండు రోజులు కొట్టుకున్నాయి. చమురు పెరిగింది, మళ్లీ దిగింది. మన బంకులో పెరగలేదు, తగ్గలేదు. అంటే అప్పుడు మనం కట్టే రేటులో కొంత మెత్త ఉండేది. పైన పెరిగితే వెంటనే మన మీద పడకుండా ఆ మెత్త కాస్తుంది. పైన తగ్గితే ఆ తగ్గుదల కూడా అందులోనే ఇంకిపోతుంది. ఇలా ఉండడం మంచిదా చెడ్డదా అంటే, కిస్తీలు కట్టుకునే మనకి రోజూ ఊగే రేటు కన్నా నిలకడగా ఉండే రేటే నయమని నేననుకుంటాను. కాకపోతే ఆ నిలకడ ఎప్పుడూ పైమెట్టు మీదే ఎందుకుంటుంది?

ఇక్కడ మన కోనసీమ వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మా మామ్మ కూడా అడిగింది. "నేల కింద చమురు మనదే, గ్యాసు మనదే, తాటిపాకలో ఫ్యాక్టరీ ఉంది, మరి మనకే ఇంత రేటు ఏటి?" అని.

న్యాయమైన ప్రశ్న. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుంటే 65 రోజులు మండింది. ఆ మంట ఎంత దూరం నుంచి కనపడేదో ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకి తెలుసు. రాత్రి పూట దీపం లేకుండా అన్నం తిన్నామని మా ఊళ్లో చెప్పుకుంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్లో సంఘాల వాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు. కష్టం మనం పడ్డాం, రేటు తగ్గించాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ లెక్క అలా లేదు. మొదటిది, తాటిపాకలోది చాలా చిన్న రిఫైనరీ. 2001లో మొదలైంది. ఏడాదికి 66 వేల టన్నుల ముడి చమురు శుద్ధి చేస్తుంది. విశాఖపట్నం రిఫైనరీని పెంచాక దాని సామర్థ్యం ఏడాదికి కోటిన్నర టన్నులు. అంటే తాటిపాక లాంటివి రెండు వందల పైన కలిపితే ఒక విశాఖ. రెండోది ముఖ్యం. ఇక్కడ తీసిన చమురుకి కూడా కంపెనీ అంతర్జాతీయ రేటే వేసుకుంటుంది. మన పెరట్లో కాసిన కొబ్బరికాయ మనం షాపువాడికి అమ్మి, మళ్లీ అదే కాయ షాపులో కొంటే మార్కెట్ రేటే ఇవ్వాలి కదా. ఇదీ అంతే. పైగా పెరడు మనది, కాయ మనది కాదు. భూమి లోపల ఉన్నది ప్రభుత్వానిది. తీసినందుకు రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. ఆ రాయల్టీలో మన రోడ్లకి, మన ఊళ్లకి ఎంత ఖర్చు పెడుతున్నారు అని అడగడం సరైన ప్రశ్న. లీటరు రేటు తగ్గించమని అడిగితే ఏ ఆఫీసులోనూ జవాబు దొరకదు. రాయల్టీ గురించి గ్రామసభలో అడిగితే కనీసం కాగితం మీద రాసుకుంటారు.

ఇప్పుడు రాష్ట్రం పన్ను. యానాం దగ్గరికి వద్దాం, అక్కడికి వెళ్తేనే ఇది బాగా అర్థమవుతుంది.

మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం. దాని పైన లీటరుకి 4 రూపాయలు. దాని పైన రోడ్డు సెస్సు 1 రూపాయి. డీజిలు మీద 22.25 శాతం, అక్కడ కూడా పైన 4, ఆ పైన 1. ఈ 4 రూపాయలు 2015 ఫిబ్రవరిలో వచ్చింది. 2018 సెప్టెంబరులో 2 రూపాయలు తగ్గించారు. 2020 జూలైలో మళ్లీ 4 చేశారు, సెప్టెంబరులో సెస్సు రూపాయి కలిపారు. వేసింది ఒక ప్రభుత్వం, పెంచింది ఇంకో ప్రభుత్వం, తియ్యనిది ఇప్పటి ప్రభుత్వం. ముగ్గురికీ ఆ డబ్బు అవసరమే. మనకి వచ్చే పథకాల డబ్బు కూడా ఎక్కడో అక్కడి నుంచి రావాలి కదా, అది కూడా మరిచిపోకూడదు.

శాతం అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కేంద్రం పన్ను రూపాయల్లో ఉంటుంది, చమురు ధర ఎంతున్నా అది అంతే. రాష్ట్రం పన్ను శాతంలో ఉంటుంది. అంటే కంపెనీ ఒక రూపాయి పెంచితే రాష్ట్రం 31 పైసలు తనంతట తాను పెరుగుతుంది. ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు, అసెంబ్లీలో మాట్లాడక్కర్లేదు. అందుకే మన దగ్గర పెరుగుదల మిగతా చోట్ల కన్నా ఎక్కువగా తగులుతుంది. ఇంకో మాట. 2025లో కేంద్రం వేసిన 22లో చాలా భాగం సెస్సులు, ప్రత్యేక సుంకాల పేరుతో ఉండేది. అందులో రాష్ట్రాలకి వాటా ఉండదు. అసలు సుంకం లీటరుకి 1 రూపాయి 40 పైసలు, దాంట్లోనే రాష్ట్రాలన్నీ పంచుకోవాలి. అందుకే రాష్ట్రం వాళ్లు మాకు రావడం లేదంటారు, కేంద్రం వాళ్లు మీరు వ్యాట్ తగ్గించండంటారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చాలావరకు సరుకులు అందులోకి వెళ్లాయి, పెట్రోలు, డీజిలు లాంటివి మాత్రం బయట ఉంచారు. ఎందుకుంచారో ఈ లెక్క చూశాక నేను వేరే చెప్పక్కర్లేదు.

యానాం పుదుచ్చేరిలో భాగం. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది. యెదురులంక దగ్గర గోదారి మీద వంతెన దాటితే వేరే ప్రభుత్వం, వేరే పన్ను. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వం కూడా వ్యాట్‌లో 7 రూపాయల దాకా తగ్గించింది. మన రాష్ట్రం తగ్గించలేదు. 2025 జనవరిలో వాళ్లు కొంచెం పెంచారు, రెండు రూపాయలంత. అయినా 2025లో కూడా లీటరుకి 10 రూపాయల పైనే తేడా ఉండేది. అదే కంపెనీ, అదే పెట్రోలు, అదే గోదారి గట్టు. మధ్యలో ఒక వంతెన. రేటులో పన్ను ఎంతుందో తెలుసుకోడానికి చదువు అక్కర్లేదు, వంతెన దాటి బోర్డు చూస్తే చాలు.

అందుకని అందరం యానాం వెళ్లి కొట్టించుకోవాలా? ఇక్కడ లెక్క వెయ్యండి. అమలాపురం నుంచి యానాం రానుపోను 60 కిలోమీటర్ల పైనే. బండి లీటరుకి 50 ఇస్తుందనుకుంటే లీటరుంపావు దారిలోనే అయిపోతుంది. అంటే 130 రూపాయలు. ట్యాంకులో ఎనిమిది లీటర్లు పడితే, లీటరుకి 12 మిగిలిందనుకున్నా 96 రూపాయలు. వెళ్లినందుకు 30 నష్టం, పూట పోయింది. మా మరిది ప్రతి ఆదివారం ఇదే పని. నేను కాగితం మీద వేసి చూపిస్తే "యానాంలో వేరే పని కూడా ఉంటది వదినా" అన్నాడు. ఆ వేరే పనేటో ఇక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. మురమళ్ల, యెదురులంక వాళ్లకి, ఎలాగూ ఆ దారిన పోయే లారీలకి లాభమే. మనకి కాదు. డ్రమ్ముల్లో తెచ్చి ఊళ్లో అమ్ముదామనుకునేవాళ్లకి కూడా చెప్తున్నాను. అది నేరం, పట్టుకుంటే కేసు. పైగా తాటాకు ఇంట్లో పెట్రోలు డబ్బా పెట్టుకోవడం అంటే ఏమిటో ఆలోచించండి. అలాంటి పనికి సంఘం అప్పు ఇవ్వకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆటో చార్జీలు, వ్యాను కిరాయిలు.

2022 మార్చి, ఏప్రిల్‌లో పది రూపాయలు పెరిగినప్పుడు మా గ్రామ సమాఖ్యలో రెండు ఇళ్ల కిస్తీ ఆగింది. రెండూ ఆటో అప్పులే. నెల మీటింగులో కొందరు గట్టిగానే అన్నారు, మొగుడు తాగేసి ఉంటాడు అని. ఆ చెల్లెళ్లలో ఒకామె ఏడ్చుకుంటూ లేచి వెళ్లిపోయింది. తరవాతి మీటింగుకి రాలేదు. మేము ముగ్గురం ఇంటికెళ్లి కూర్చుని లెక్క రాశాం. ఆటోకి రోజుకి నాలుగు లీటర్ల డీజిలు. లీటరుకి పది పెరిగితే రోజుకి నలభై. నెలకి ఇరవై ఆరు రోజులు తిరిగితే 1,040 రూపాయలు. ఆ ఇంట్లో నెలాఖరున మిగిలేదే అంత. తాగడం కాదు, డీజిలు తాగేసింది. ఆమె పేరు మీద రిజిస్టర్లో బకాయి అని ఎర్ర సిరాతో రాసి ఉంది. కారణం రాయడానికి గడి లేదు.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే ఆటోవాళ్ల ఇళ్లవాళ్లూ మన సంఘంలోనే ఉన్నారు, ఆటో ఎక్కేవాళ్లూ మన సంఘంలోనే ఉన్నారు. అప్పట్లో మా ఊరి నుంచి సెంటరుకి ఇరవై రూపాయలున్న చార్జీ ఇరవై అయిదు చేశారు. ఆటో రోజుకి నలభై మందిని ఎక్కించుకుంటుందనుకోండి. మనిషికి ఐదు రూపాయలంటే రోజుకి రెండొందలు. డీజిలుకి పెరిగింది నలభై. అంటే మనిషికి ఒక్క రూపాయి పెంచితే డీజిలు సరిపోతుంది. చేపల గంపలు పట్టుకుని రోజూ వెళ్లొచ్చే ఆడవాళ్లకి రానుపోను పది రూపాయలు ఎక్కువ పడింది. నెలకి 260. వాళ్ల పొదుపు నెలకి 200.

మీటింగులో ఇది చెప్తే ఆటో ఇంటి వదిన ఒకామె లేచి బాగానే అడిగింది. "టైరు రేటు పెరగలేదా? ఇన్సూరెన్సు పెరగలేదా? వచ్చేటప్పుడు ఖాళీగా రావడం మీ లెక్కలో ఉందా? రూపాయి చిల్లర ఎవరిస్తారు?" అని. సమాధానం చెప్పగలిగినవి కొన్ని, చెప్పలేనివి కొన్ని. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులో మనకి టిక్కెట్టు లేదు, మనకి మంచిదే. కానీ ఆటో ఇళ్లలో ఆ మాట ఎలా వినిపిస్తుందో కూడా తెలుసు నాకు. బస్సు తిరిగే దారుల్లో వాళ్లకి నలభై మంది ఇప్పుడు ఇరవై అయిదు మంది అయ్యారు. ఇరవై అయిదు మందితో వేస్తే డీజిలు పది పెరిగినప్పుడు చార్జీ రూపాయి కాదు, రూపాయిన్నర పైన పెరగాలి. లెక్క మారుతుంది. అయినా ఐదు కాదు.

మేము చివరికి ఒప్పుకున్నదేమిటంటే, ఇది మా ఊరికే, మీ ఊరికి వేరుగా ఉండొచ్చు. ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు డీజిలు రేటు రాసుకున్నాం. డీజిలు అక్కడి నుంచి ఐదు రూపాయల లోపు పెరిగితే చార్జీ ముట్టుకోకూడదు. పది పెరిగితే రెండు రూపాయలు. పది తగ్గితే రెండు తగ్గాలి. రెండో మాట పెట్టడానికే ఎక్కువ గొడవ అయ్యింది, తగ్గడం అనేది ఎవరూ ఎప్పుడూ చూడలేదు కాబట్టి. సరుకు వ్యానుకి కూడా ఇంతే. అంబాజీపేట ట్రిప్పుకి పది లీటర్లు అయితే, డీజిలు పది పెరిగినప్పుడు వంద రూపాయలు పెరగాలి. మూడొందలు అడిగితే మిగతా రెండొందలకి కారణం అడగాలి. మా కొబ్బరి గ్రూపు వాళ్లు అడిగారు. వ్యాను అతను వంద యాభై దగ్గర ఆగాడు. లెక్క తెలిసిన ఆడవాళ్లతో బేరం కష్టం అన్నాడట, పోనివ్వండి.

ఆటో అప్పులు ఇచ్చేటప్పుడు కూడా ఒక మార్పు చేశాం. బండి కొనే ముందు నెల ఖర్చు రాయమంటాం. అందులో డీజిలు ఇప్పటి రేటుకి ఒకసారి, పది రూపాయలు ఎక్కువ రేటుకి ఇంకోసారి. రెండో లెక్కలో కూడా కిస్తీ కట్టగలిగితేనే అంత అప్పు. లేకపోతే వాయిదా చిన్నది చేసి నెలలు పెంచుతాం. కొందరు గ్యాసు ఆటో, కరెంటు ఆటో అడుగుతున్నారు. కరెంటు ఆటోకి రోజు ఖర్చు తక్కువే కానీ బండి ధర ఎక్కువ, బ్యాటరీ మార్చాల్సి వస్తే పెద్ద ఖర్చు. దాని మీద బ్యాంకు మేనేజరు గారు తరవాత చెప్తే వినాలని ఉంది.

ఇంకొక్క సంగతి. తెలంగాణలో నారాయణపేట జిల్లాలో 2025 ఫిబ్రవరిలో జిల్లా మహిళా సమాఖ్య వాళ్లే పెట్రోలు బంకు మొదలుపెట్టారు. నడిపేది సంఘాల ఆడవాళ్లే. ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. రేటు వాళ్ల చేతిలో ఉండదు, అది కంపెనీదే. కానీ ఆ నాలుగు రూపాయల కమీషను సమాఖ్యకి వస్తుంది. మన జిల్లా సమాఖ్య దీని మీద కంపెనీలకి ఒక ఉత్తరం రాయాలని నా కోరిక. రోడ్డు పక్కన స్థలం, పెట్టుబడి, రాత్రి కాపలా, నిప్పు భయం, అన్నీ ఉన్నాయి, తేలిక పని కాదు. అడిగి చూడడానికి ఖర్చు లేదు.

బంకులో కొలత మీద అనుమానం ఉంటే గొడవ పడక్కర్లేదు. ప్రతి బంకులో ఐదు లీటర్ల ముద్ర వేసిన కొలత పాత్ర ఉండాలి. పట్టి చూపించమని అడిగే హక్కు మనకుంది. మిషను సున్నా దగ్గర మొదలైందో లేదో చూడండి, బిల్లు తీసుకోండి. చూపించనంటే తూనికలు కొలతల శాఖకి చెప్పొచ్చు. మొహమాటపడకండి, వెనకాల ఇంకో బండి హారను కొట్టినా సరే.

మా గ్రామ సమాఖ్య పుస్తకంలో చివరి పేజీలో ప్రతి నెల ఒకటో తారీకు పెట్రోలు రేటు, డీజిలు రేటు, ఆటో చార్జీ, వ్యాను కిరాయి నాలుగూ పక్కపక్కన రాస్తున్నాం. ఆ పేజీ జిరాక్సు తెచ్చాను, భోజనాల దగ్గర మా వీఓఏ దగ్గరుంటుంది. మీ ఊళ్లో కూడా వచ్చే ఒకటో తారీకు నుంచి రాయించండి. మండల సమాఖ్య మీటింగుకి పట్టుకొస్తే అన్ని ఊళ్లవీ పక్కన పెట్టి చూద్దాం. ఏ ఊళ్లో ఏ దారికి ఎంత తీసుకుంటున్నారో అప్పుడు తెలుస్తుంది. బెల్లు కొడుతున్నారు, బ్యాంకు మేనేజరు గారు లింకేజీ అప్పుల మీద మాట్లాడాలి.